డీఈ గారి ప్రశాంత ప్రారంభం

"ఇకనుంచి మన శాఖలో ఎవరూ కంగారు పడరు" అని మా ఊరి మురుగు కాలువల ఆఫీసులో డిప్యూటీ ఇంజనీరు శ్రీరామచంద్రమూర్తి గారు ప్రకటించారు. హైదరాబాదులో ఒత్తిడి నివారణ మీద ట్రైనింగ్ పూర్తి చేసుకుని, అక్కడ కప్పిన శాలువాతోనే ఉప్పలగుప్తం బస్సు దిగి వచ్చారాయన. రోజూ పని మొదలెట్టే ముందు సిబ్బంది అంతా గంటసేపు కళ్లు మూసుకు కూర్చోవాలి. పథకం పేరు 'ప్రశాంత ప్రారంభం'. పేపరు విలేకరిని కనక నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇంత దూరదృష్టి గల అధికారిని నేనెరగను.

మర్నాడే అమలు. ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టారు. తలా ఒక కొబ్బరిబొండం ఇచ్చారు. తర్వాత డీఈ గారు హైదరాబాదులో కొన్న క్యాసెట్టు పెట్టారు. అందులో సముద్రపు హోరు ఉంటుందిట, వింటే మనసు తేలికపడుతుందిట.

"ఆ కిటికీలు మూసెయ్యవయ్యా అప్పన్నా, బయట ఏదో హోరు. డిస్టర్బెన్స్‌గా ఉంది."

"అది సముద్రమేనండి" అన్నాడు అప్పన్న. అతను లస్కరు. కాలువ సముద్రంలో కలిసేచోట షట్టరు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం.

"ఏదైనా సరే. ట్రైనింగులో చెప్పింది క్యాసెట్టు."

కిటికీలు మూసేశారు. అంతలో రైతు కొండయ్య తడిసి ముద్దయి తలుపు తోసుకొచ్చాడు. ముసురుకి అతని ఆకుమడి మునిగిపోయింది. సార్వా నాట్లకి పెంచిన నారంతా అందులోనే ఉంది.

"అప్పన్నా, పాటు నడుస్తోందయ్యా, సముద్రం వెనక్కి తీస్తోంది! ఇప్పుడు షట్టరెత్తితే నీరంతా సముద్రంలోకి లాగేసుద్ది. పోటు తిరిగితే ఇంక ఎత్తడానికుండదు. ఈపూట నీరు దిగకపోతే నారు కుళ్లిపోద్ది!"

అప్పన్న సగం లేచాడు.

"శ్వాస మీద దృష్టి" అన్నారు డీఈ గారు, కళ్లు తెరవకుండానే. అప్పన్న కూర్చున్నాడు.

"అయ్యగారూ, ఆ షట్టరు హ్యాండిలు ఇప్పించండి చాలు. నేనే తిప్పుకుంటానండి."

"కొండయ్య గారూ, మీలో చాలా ఒత్తిడి ఉంది."

"ఆయ్, ఉందండి. నీరు పోతే అదీ పోద్దండి."

"ముందు మనసులోది ఖాళీ చేసుకోవాలి. పొలంలోది తర్వాత."

ఎంత గొప్ప మాట! వెంటనే రాసుకున్నాను.

కొండయ్యకీ ఓ బొండం ఇచ్చి వరండాలో కూర్చోబెట్టారు. మధ్యలో టేపు చిక్కుపడింది. పెన్సిలుతో చుట్టి మళ్లీ మొదటినుంచీ పెట్టారు, ప్రశాంతత సగంలో ఆపకూడదు కనక. ఆఖరికి డీఈ గారు చిరునవ్వుతో కళ్లు తెరిచి "ఇప్పుడెత్తు షట్టరు" అన్నారు.

అప్పన్న కిటికీ తెరిచి కాలువ వైపు చూశాడు. "పోటు తిరిగిపోయిందండి. ఇప్పుడెత్తితే ఉప్పునీరు చేలల్లోకి ఎగదన్నుద్దండి."

"నెగెటివ్ థింకింగ్!"

"నాది కాదండి, సముద్రానిదండి."

"రైతు అడిగాడు, మనం స్పందిస్తున్నాం. ఎత్తు!"

"వద్దు బాబోయ్! ఎత్తకండి!" అని కొండయ్య అడ్డం పడ్డాడు.

డీఈ గారు అతని భుజం తట్టి, "చూశారా? ఇందాక ఎత్తమన్నారు, ఇప్పుడు వద్దంటున్నారు. ఒత్తిడంటే ఇదే" అని సిబ్బందికి వివరించారు.

షట్టరు లేచింది. మధ్యాహ్నం మేం జీపులో వెళ్లేసరికి కొండయ్య ఆకుమడి ఎక్కడుందో అతనే చూపించలేకపోయాడు. డీఈ గారు గాలి నిండుగా పీల్చి "ఎంత ప్రశాంతంగా ఉంది!" అన్నారు.

కొండయ్య మునగకుండా మిగిలిన గట్టుముక్క మీద చతికిలబడి, ఆ నీళ్లవైపు చూడలేక కళ్లు మూసుకున్నాడు.

డీఈ గారి ముఖం వెలిగిపోయింది. గబగబా ప్యాంటు పైకి మడిచి వెళ్లి అతని పక్కన కూర్చున్నారు. కొండయ్య చెయ్యి తీసుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, మోకాలి మీద పెట్టారు.

"నడుం నిటారుగా ఉంచండి" అని అతనితో చెప్పి, నావైపు తిరిగారు. "రైతులు కూడా మొదలెట్టేరని రాయండి. ఊఁ, ఫొటో తియ్యండి."

తీశాను. జిల్లా పేజీలో రంగుల్లో వేశారు. కొండయ్య వెనక నీళ్లు చాలా బాగా వచ్చాయి.