ఆదివారం ఆగిన ఆట

శనివారం కీ ఇచ్చిన గడియారం ఆదివారం నడిస్తే ఆ తప్పు ఎవరిది? ఈ సందేహం టోర్మోడ్‌ను ఇరవై ఏళ్లుగా వదల్లేదు. స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో ఆదివారం విశ్రాంతి దినం. బంగాళదుంపల తొక్కు కూడా శనివారమే తీసి పెట్టుకుంటారు. చర్చి సంఘంలో పరిచారకుడై ఉండి ఇలాంటిది పాదిరి గారిని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు. గడియారం మాత్రం ఎవరినీ అడక్కుండా నడుస్తూనే ఉంది.

ఆ శనివారం దానికి తోడు ఇంకొక సందేహం వచ్చి కూర్చుంది.

టోర్మోడ్ తల్లి ఒయ్రిక్‌కు డెబ్బై ఎనిమిదేళ్లు. వేళ్లు బిగుసుకుపోతున్నాయని, చేతులకు పని చెప్పమని డాక్టరు అన్నాడు. అల్లికంటే ఆమెకు విసుగు. మనవరాలు షోనాక్ తన పాత వీడియో గేము పెట్టె దించి, ఒక కంట్రోలర్ నానమ్మ చేతిలో పెట్టింది. అప్పటి నుంచి శనివారాల్లో ముసుగు వీరుడిగా ఒయ్రిక్, రెక్కల వనితగా షోనాక్, వీధి వెంట కుడివైపుకు నడుస్తూ ఎదురొచ్చిన దుర్మార్గులందరినీ కొట్టుకుంటూ పోయేవారు.

"చూడవే, ఈ ముసుగువాడు చెత్తడబ్బా పగలగొట్టి అందులో దొరికిన కోడి తింటున్నాడు. ప్రార్థన కూడా లేదు," అనేది ఒయ్రిక్ ప్రతిసారీ.

"తినకపోతే చస్తాడు నానమ్మా."

"తిననీలే. ఆమెన్ నేననుకుంటాను."

ఈసారి ఆట, ఊరూరా తిరిగే క్యాసెట్ల వ్యాను నుంచి అద్దెకు తెచ్చింది. సోమవారం తొమ్మిదింటికి వ్యాను వచ్చేసరికి తిరిగి ఇచ్చేయాలి. శనివారం ఐదు గంటలు పోరాడి ఇద్దరూ ఆఖరి దుర్మార్గుడి గుమ్మం చేరేసరికి ఎనిమిదైంది. కుటుంబ ప్రార్థన వేళ. ఆ పెట్టెకు ఆటను దాచుకునే తెలివి లేదు. స్విచ్ కట్టేస్తే మళ్లీ మొదటి వీధి నుంచే.

"నాన్నా, ఆట ఆపి టీవీ కట్టేస్తాను. పెట్టె మాత్రం అలాగే ఉంచుదాం. సోమవారం పొద్దున్నే ముగించేస్తాం," అంది షోనాక్.

"ఆదివారమంతా అది నడవాలా?"

"నడవదు. ఆగి ఉంటుంది."

"ఒరే టోర్మోడ్," అంది తల్లి, "ఈ వేళ్లతో ఇంత దూరం మళ్లీ రాలేనురా."

టోర్మోడ్ కాదనలేకపోయాడు.

ఆదివారం ఏర్పాటు మామూలే. పన్నెండింటికి ఆరాధన, తర్వాత పాదిరి మెక్‌ఐవర్ గారికి తమ ఇంట్లో భోజనం. టోర్మోడ్ భార్య నర్సు, ఆ రోజు ఆసుపత్రిలో డ్యూటీ. తల్లికి జలుబు, మందు వేసుకుని వెనక గదిలో పడుకుంది. కూతురితో బయల్దేరి రోడ్డెక్కాక టోర్మోడ్ వెనక్కి చూశాడు. ముందు గది కిటికీలోంచి పెట్టె మీది ఎర్ర దీపం కనిపిస్తోంది. ఊరంతా చర్చికి నడిచే దారి అది. గబగబా వెనక్కి వెళ్లి కర్టెన్ పూర్తిగా మూసి వచ్చాడు.

ఆ దీవిలో పగటిపూట రోడ్డువైపు కిటికీకి కర్టెన్ వేశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఊహ తెలిసినప్పటి నుంచి తెలిసిన ఈ సంగతి, ఆ క్షణాన టోర్మోడ్‌కు గుర్తు రాలేదు.

చర్చి గుమ్మం దగ్గర పొరుగింటి రూరీ అతని చెయ్యి గట్టిగా నొక్కి వదిలాడు. అతని వెనకే మరో ఆరుగురు. ఆదివారం పిచ్చాపాటీ పనికిరాదు కనుక ఎవరూ నోరు మెదపలేదు. ఒయ్రిక్ కూర్చునే చోటు ఖాళీగా ఉండడం అందరూ చూశారు. పాదిరి గారు ప్రార్థనలో, "ఈ ఉదయం చీకటి కమ్మిన ఒక ఇంటిని కనికరించు ప్రభూ," అన్నారు. ఎర్ర దీపం కబురు పాదిరి గారి దాకా పోయిందనుకుని టోర్మోడ్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. వెనక బెంచీలో ముగ్గురు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ఆరాధన అయ్యాక పాదిరి గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "ఎప్పుడు జరిగిందయ్యా?"

"నిన్న సాయంత్రం ఎనిమిదింటికి, అయ్యగారూ. నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది."

"మనం ఒప్పుకోకపోతే ఆగేవా ఇవి?"

"అమ్మే అడిగింది. ఇంక తన వల్ల కాదంది."

పాదిరి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వాళ్లు నెమ్మదిగా నడిచి ఇల్లు చేరేసరికి ముందు గదిలో ఎవరో మోసుకొచ్చి వేసిన ఐదు బెంచీలు, వాటి నిండా నల్లబట్టల జనం. ఆ ఊళ్లో తలుపులకు తాళాలుండవు. చావింటికి సాయం చేయడం కరుణ గల పని, దానికి ఆదివారం అడ్డు రాదు. తనను విచారించడానికే సంఘమంతా కూర్చుందనుకున్నాడు టోర్మోడ్. ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. నాలుగో చరణం దగ్గర వెనక గది తలుపు తెరుచుకుంది. తెల్లటి నైట్‌గౌనులో, ముక్కు తుడుచుకుంటూ ఒయ్రిక్ వచ్చి నిలబడింది.

"ఎవరు పోయారు?"

కీర్తన ఉన్నచోటే ఆగిపోయింది. చివరికి రూరీయే నోరు తెరిచాడు. "నువ్వే పెద్దమ్మా."

"నాతో ఒక్కరూ చెప్పలేదే!"

"మరి కర్టెన్ ఎందుకు వేశావయ్యా?" అన్నారు పాదిరి గారు.

టోర్మోడ్ అందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"కట్టేయడానికి వేలు కదిపితే అదీ పనే. ఆగినదాన్ని రేపటిదాకా ఆగి ఉండనివ్వండి," అన్నారు పాదిరి గారు.

టోర్మోడ్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు షోనాక్ సన్నగా అంది, "నాన్నా, దీపం లేదు."

పెట్టె వైరు నేల మీద పడి ఉంది. దాని ప్లగ్గు ఉండాల్సిన చోట వేరొక ప్లగ్గు ఉంది. ఆ వైరు చివర నలభై కప్పుల పెద్ద కెటిల్ ఒకటి ఆవిరి కక్కుతోంది.

"ఇంతమందికి టీ కావద్దూ?" అన్నాడు రూరీ. "ఇక్కడేదో పీకి పెట్టాను. ఏం, పీకకూడదా?"

ఒయ్రిక్ వంగి కెటిల్ చుట్టూ చూసింది. "ఇది నాది కదట్రా?"

"నీదే పెద్దమ్మా. మా అమ్మ పోయినప్పుడు పట్టుకెళ్లాం. పంతొమ్మిదేళ్లయింది. తెద్దాం తెద్దాం అనుకుంటూనే ఉన్నాను. పోయినవాళ్ల సొత్తు ఇంట్లో ఉంచుకోకూడదని, ఇవాళ..."

"అంటే నేను చస్తేగానీ ఇది రాదన్నమాట."

రూరీ తల దించుకున్నాడు. ఒయ్రిక్ నేల మీది ప్లగ్గు వైపు చూసింది. ఐదు గంటలు, పదకొండు వీధులు. ముందు బెంచీలో చోటు చేసుకుని కూర్చుని, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చాపింది.

"టీ పొయ్యరా," అంది. "మీరు కీర్తన కానివ్వండి. నా కోసమే కదా."

అలా పంతొమ్మిదేళ్ల కిందట అరువు వెళ్లిన కెటిల్, మూతతో సహా, ఇల్లు చేరింది.