గురవయ్య కుర్చీలో పదిహేను నిమిషాలు

హలో, వినపడుతోందాండీ? అందరికీ నమస్కారం. టీ తాగుతూనే వినండి, తొందరేం లేదు. రొంపిచెర్ల వైపు ఒక ఊళ్లో జరిగిన ముచ్చట చెబుతాను. ఊరి పేరు మాత్రం అడగకండి. చెబితే రెండు పార్టీల వాళ్లూ నాకు ఫోన్ చేస్తారు.

ఆ ఊళ్లో అన్నీ రెండేసి. రెండు టీ కొట్లు, రెండు కటింగ్ షాపులు, రెండు వినాయక పందిళ్లు. అసలు లేనిది బస్ షెల్టరు. పదకొండేళ్ల కిందట దాన్ని రోడ్డుకు ఏ పక్క కట్టాలన్న దగ్గర రెండు పార్టీల పెద్దలు వెంకట్రామయ్యకూ పుల్లారావుకూ మాటామాటా పెరిగింది. ఒకే బెంచీ మీద చదువుకుని, ఒకే కాలవలో ఈత నేర్చుకున్న ఇద్దరూ ఆనాటి నుంచి పలకరించుకోలేదు. షెల్టరూ రాలేదు. జనం ఎండలో నిలబడే బస్సెక్కుతున్నారు. అదీ ఎవరి పార్టీ పక్క వాళ్లు.

ఇంత పంతాల ఊళ్లో రాజీకి ఒక పద్ధతి ఉంది. ఎవరి గుమ్మం ఎవరూ ముందు తొక్కరు. రాజీ కావాలనుకున్నవాడు అవతలి పార్టీ కటింగ్ షాపుకు పోయి గడ్డం గీయించుకుంటాడు. కత్తి కింద మెడ పెట్టినవాణ్ణి ఇంకేం అనుమానిస్తారు? ఐదు నిమిషాల్లో కబురు చేరిపోతుంది. మర్నాడు అవతలివాడు ఇవతలి షాపుకు వస్తాడు. నోరు తెరవకుండానే పని అయిపోతుంది.

ఆ రోజు పొద్దున వెంకట్రామయ్య అనుకున్నది అదే. రెండు నెలలుగా తెల్లవారుజామున అతనికి ఒకటే కల. సాగర్ కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పోతూ ఉంటుంది. నీళ్ల మీద దూదిలాగా మంచు. అవతలి గట్టున పన్నెండేళ్ల పుల్లారావు తడి నిక్కరుతో నిలబడి ఏదో కేకేస్తుంటాడు. నోరు కదులుతుంది, మాట మాత్రం వినిపించదు. లేచి కూర్చున్నాక కూడా వెంకట్రామయ్య చెవి అటే పెట్టుకుని ఉండేవాడు.

కల మొదలైంది నరసరావుపేట డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాకే. గుండె లయ తప్పుతోందన్నారు. అలా తప్పితే లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోయి పక్షవాతం రావచ్చన్నారు. అది రాకుండా, రక్తం తొందరగా గడ్డకట్టనివ్వని మాత్ర ఒకటి రాశారు. మాత్ర ఖరీదు పెద్దదేం కాదు. నెలనెలా రక్తపరీక్ష, దానికో పూట, ఆ బస్సు కోసం ఎండలో నిలబడటం, అదీ అసలు ఖర్చు. గోంగూర మానక్కర్లేదు గానీ ఒక వారం గంపెడు, ఇంకో వారం సున్నా కాకుండా ఎప్పుడూ ఒకే తీరున తినాలట. లేకపోతే పరీక్షలో అంకె ఎగిరెగిరి పడుతుందట. దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగదు కాబట్టి గడ్డానికి కత్తి వద్దు, మిషనే వాడమన్నారు. అడక్కుండా నొప్పి బిళ్లలు అసలే మింగొద్దన్నారు.

ఈ సంగతి భార్య ఆదిలక్ష్మమ్మకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. పార్టీ నడిపేవాడి రక్తం పలచబడిందంటే ఇంకెవరు వింటారు అతని మాట? కానీ లోపల ఒక బెంగ. పుల్లారావుతో మాట్లాడకముందే ఆ గడ్డేదో మెదడుకు పోతే, వాడు గట్టు మీంచి ఏమన్నాడో ఇక ఎప్పటికీ తెలియదు.

"ఏమయ్యా, తెల్లచొక్కా ఏసి ఎటు బయల్దేరావు?" అంది ఆదిలక్ష్మమ్మ.

"గడ్డం గీయించుకోటానికి."

"ఇంట్లో మిషనుందిగా?"

"మిషనుతో రాజీ అవుద్దా ఏందే?"

"బిళ్ల ఏసుకునే మెడ అది. కత్తి జోలికి పోమాక."

"నాకు తెలుసులేవే."

అతనికి తెలిసి ఆమెకు తెలియనిది ఇంకొకటుంది. మూడు రోజులుగా మోకాలు సలుపుతుంటే మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు తెచ్చి దిండు కింద దాచుకుని మరీ మింగుతున్నాడు.

పుల్లారావు పార్టీ కటింగ్ షాపు గురవయ్యది. గుమ్మంలో వెంకట్రామయ్యను చూసి గురవయ్య చేతిలో దువ్వెన జారిపోయింది.

"బాబాయ్! దారి తప్పి వచ్చావా ఏంది?"

"పదకొండేళ్లు తప్పానురా. ఇయ్యాల సరిగ్గా వచ్చా. గియ్యి."

గురవయ్యకు విషయం అర్థమైంది. కొత్త బ్లేడు వేశాడు. కొత్త తువాలు కప్పాడు. కుర్చీ వెనక్కి వాల్చి, చల్లటి నురగ మెత్తగా పట్టించాడు. పైన ఫ్యాను నిదానంగా తిరుగుతోంది. అద్దం మీద పడ్డ ఎండ కప్పు మీద నీళ్లలాగా కదులుతోంది. వెంకట్రామయ్య కళ్లు మూతలు పడ్డాయి. కాలవ వచ్చింది. మంచు వచ్చింది. అవతలి గట్టున పుల్లారావు కేకేశాడు. ఈసారి ఎలాగైనా వినాలని వెంకట్రామయ్య తల అటు తిప్పాడు.

గురవయ్య కత్తి అటు తిరగలేదు.

గీత బియ్యపుగింజంత. గురవయ్య పటిక రాశాడు. ఆగలేదు. పౌడరు చల్లాడు. ఆగలేదు. తువాలు అద్దాడు. అర నిమిషానికోసారి ఎత్తి చూస్తే, ఎత్తినప్పుడల్లా మళ్లీ మొదలు. నెత్తురు మెడ మీంచి దిగి తెల్లచొక్కా మీద మందారపువ్వంత మచ్చ వేసింది.

"బాబాయ్, నేను గీసిందెంత, ఇది కారేదెంత? ఏందిది?"

"ఎండలు గదరా. వేడి చేసింది," అన్నాడు వెంకట్రామయ్య. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు నుంచి కొండమ్మ టీ ఫ్లాస్కుతో పోతోంది. ఆమెది వెంకట్రామయ్య పార్టీ టీ కొట్టు. లోపలికి తొంగిచూసింది. కత్తి, నెత్తురు, కుర్చీలో వెనక్కి వాలిన వెంకట్రామయ్య.

"వామ్మో! రాజీకని పిలిచి పీక కోశారే!"

ఫ్లాస్కు అక్కడే వదిలేసి పరిగెత్తింది. గురవయ్య తోచిన పని ఒకటే చేశాడు. షట్టరు కిందికి లాగేశాడు.

బయట దానికి ఒకటే అర్థం. "షట్టరేశారంటే పనైపోయినట్టే!" అన్నారెవరో. వెంకట్రామయ్య పార్టీ వాళ్లు చేతికి దొరికింది పట్టుకుని వచ్చారు. ఒకడి చేతిలో పలుగు, ఇంకొకడి చేతిలో మందు కొట్టే పంపు, తొందరలో ఒకావిడ చేతిలో అట్లకాడ. పుల్లారావు పార్టీ వాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ వచ్చారు. ఎవరో స్టేషనుకు ఫోన్ కొట్టారు.

లోపల చీకటి. షట్టరు చిల్లుల్లోంచి వచ్చిన వెలుతురు గోడ మీద చుక్కలు చుక్కలుగా పడింది. పట్టపగలు నక్షత్రాలు చూస్తున్నానేమిటి, పోయానేమో అనుకున్నాడు వెంకట్రామయ్య. చిత్రంగా భయం వేయలేదు. ఆ కేక వినకుండానే పోతున్నానే అన్న దిగులు మాత్రం వేసింది.

వెనక తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. పుల్లారావు. ఒక్కసారి చూశాడు, తువాలు లాక్కుని నాలుగు మడతలు పెట్టి గీత మీద గట్టిగా అదిమాడు. రెండో చేత్తో తల వెనక పట్టుకున్నాడు.

"కదలమాకరా! గురవయ్యా, ఊరికే ఎత్తి చూడమాక. టైం చూడు. పదిహేను నిమిషాలు."

వెంకట్రామయ్య కదల్లేదు. కదలమాక. గట్టు మీద ఆ పిల్లవాడి నోరు కదిలింది ఆ మాటకే. చిన్నప్పుడు ఈతకు దిగిన ఆ రోజు తను కాలు పెట్టబోయిన చోట లోతు ఉంది.

"రోజుకు ఎంత పవరు బిళ్ల ఏసుకుంటున్నావు?" అన్నాడు పుల్లారావు.

"నేను బిళ్ల ఏసుకుంటానని నీకెవుడు చెప్పాడు?"

"ఈ నెత్తురే చెబుతోంది. నా జేబులో చూడు."

వెంకట్రామయ్య తడిమి తీశాడు. చిన్న అట్ట పుస్తకం. అచ్చం తన దగ్గరున్నట్టే. నెలనెలా పరీక్షలో వచ్చిన అంకెలు, పక్కన అదే డాక్టరు సంతకం.

"కాలి నరంలో గడ్డ కట్టింది. రెండేళ్లయింది," అన్నాడు పుల్లారావు గొంతు తగ్గించి. "మా వాళ్లకు తెలియదు. నేను పరీక్షకు మంగళవారం పోతా."

"నేను శుక్రవారం. గోంగూర?"

"ఆదివారం, గురువారం. రెండు ముద్దలకు సరిగ్గా."

"మాదీ అంతేరా."

ఇద్దరూ నిట్టూర్చారు. అప్పుడు షట్టరు ధడేలున పైకి లేచింది. ఎస్సై నజీమా, ఆమె వెనక రెండు పార్టీలూ. వాళ్లకు కనిపించింది ఇదీ: నెత్తుటి చొక్కాతో వెంకట్రామయ్య, అతని పీక మీద పుల్లారావు చెయ్యి, పక్కన కత్తితో గురవయ్య.

"చెయ్యి తియ్!" అని అరిచింది నజీమా.

"తీయను!" అన్నాడు పుల్లారావు.

"తీయనీయను!" అన్నాడు వెంకట్రామయ్య.

"ఇంకా ఆరు నిమిషాలుంది మేడం," అన్నాడు గురవయ్య గడియారం చూస్తూ.

నజీమా టోపీ సర్దుకుంది. "అసలు ఇక్కడ ఎవరు ఎవర్ని చంపుతున్నారు?"

"ఎవరూ ఎవర్నీ చంపట్లేదమ్మా. రాజీ జరుగుతోంది," అన్నాడు వెంకట్రామయ్య, దవడ కదపకుండా.

ఆదిలక్ష్మమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో మందుల షాపు కవరు. "దిండు కింద దొరికింది! ఒక బిళ్లకే నెత్తురు ఆగదంటే దాని మీద మోకాలి బిళ్లలు మింగాడమ్మా, ఈ పెద్దమనిషి!" గుమ్మం దగ్గరున్న వాళ్లంతా విన్నారు. రెండు నెలల రహస్యం ఆ కవరుతో సహా చేతులు మారింది.

"నొప్పి బిళ్లలా? ఒరేయ్, నీకసలు బుద్ధుందా?" అన్నాడు పుల్లారావు.

పదకొండేళ్లలో పుల్లారావు అతన్ని తిట్టిన మొదటి తిట్టు అది. వెంకట్రామయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి. అందరూ నొప్పికనుకున్నారు.

పదిహేను నిమిషాలకు నెత్తురు ఆగింది. అయినా రక్తపరీక్ష చేయించాల్సిందేనని నజీమా వాళ్లిద్దరినీ తన జీపులోనే నరసరావుపేట తీసుకుపోయింది. డాక్టరు నొప్పి బిళ్లలు మాన్పించి, పరీక్ష చూసి, అసలు మాత్ర ఎప్పుడు ఎంత వేసుకోవాలో మళ్లీ రాసిచ్చి, గట్టిగానే చీవాట్లు పెట్టారు. ఇక్కడ ఊళ్లో ఏమయిందంటే, నాయకులిద్దరూ పోలీసు జీపెక్కడం మాట వినపడనంత వెనకాల నిలబడ్డ వాళ్లంతా చూశారు. అరెస్టే అనుకున్నారు. పదకొండేళ్లలో మొదటిసారి రెండు పార్టీలూ ఒకే ట్రాక్టరెక్కి, స్టేషను ముందు ఒకే షామియానా కింద కూర్చుని, సాయంత్రం దాకా "విడుదల చెయ్యాలి" అన్నాయి. వాళ్లిద్దరూ బస్సులో తిరిగొచ్చేసరికి ఊళ్లో ఎదురొచ్చేవాళ్లే లేరు.

షెల్టరు ఇప్పటికీ కట్టలేదు. నీ పక్కనే కట్టమంటే కాదు నీ పక్కనే కట్టమని ఇద్దరూ మళ్లీ వాదించుకుంటున్నారు. గురవయ్య మాత్రం ఏం బిళ్లలు వాడుతున్నారో అడిగాకే ఎవరికైనా నురగ పెడుతున్నాడు.

సరేనండీ, ఉంటాను. మీ ఇంట్లోనో వీధిలోనో ఈ మాత్ర వేసుకునేవాళ్లుంటే ఈ ముచ్చట వాళ్లకు పంపండి. మీ ఊళ్లోనూ రెండు పార్టీలుంటే ఇద్దరికీ ఒకేసారి పంపండి, లేకపోతే ఎవరికి ముందు వచ్చిందన్న దగ్గర గొడవై, రాజీకి ఇంకో పదకొండేళ్లు పడుతుంది.