సన్యాసమ్మ చేయించిన నునుపు

ఆ రోజు జుబియా తన చేత్తో మొదటిసారి ఒక స్లీవుకి పింగాణీ పూత వెయ్యాలి. ఉయ్యూరు దగ్గరి ఓ మిల్లులో నీళ్ళ పంపు ఇరుసుకి తొడిగే ఉక్కు గొట్టం అది. మధ్యాహ్నం మిల్లు మేనేజరు దుర్గాప్రసాద్ చూసి సరేనంటే ఆటోనగర్‌లో ఆమె పని నేర్చుకుంటున్న షెడ్డులో ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికేనని యజమాని సంజీవరావు ముందే చెప్పాడు.

పొద్దున్నే ఆమె స్లీవుని బ్లాస్టింగ్ గదిలో రవ్వ చిమ్మి గరుకు చేసి, బల్ల మీద పెట్టి, మాస్కు తెచ్చుకోవడానికి వెళ్ళింది. ఈలోగా పైవాటాలోంచి సంజీవరావు అత్తగారు సన్యాసమ్మ టీ ఫ్లాస్కుతో దిగింది. మసకబారి, గీరుకుపోయినట్టున్న గొట్టాన్ని చూసి ఆవిడ ఫ్లాస్కు పక్కన పెట్టేసింది.

"అయ్యో, పిచ్చిపిల్ల పాడుచేసుకుంది! అఫ్రాజ్, అల్లుడుగారు చూసేలోపు దీన్ని నున్నగా చేసిపెట్టు బాబూ."

లేతు మీద పనిచేసే అఫ్రాజ్‌కి యజమాని కంటే యజమాని అత్తగారంటేనే భయం. వెంటనే ఎమరీ పేపరు పట్టాడు. తిరిగొచ్చిన జుబియాకి స్లీవులో తన మొహం కనబడింది.

పెద్దావిడకి ఎదురుచెప్పలేక మళ్ళీ గరుకు చేసింది. సన్యాసమ్మ మళ్ళీ నున్నగా చేయించింది. పైగా ఈసారి కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది.

"భయపడకమ్మాయ్, నేనున్నాగా. ఇక పూత వెయ్యి."

"అది కాదు అమ్మమ్మగారూ..." అంది జుబియా. "ముందు వెయ్యి," అంది ఆవిడ. జుబియా పింగాణీ పొడిని కరిగించి చిమ్మే ప్లాస్మా గన్ను ఎత్తింది.

మధ్యాహ్నం దుర్గాప్రసాద్ వచ్చి గోటితో అలా గీకాడు. పూత అప్పడంలా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు సంజీవరావు జుబియాతో.

"ఆగండి అల్లుడుగారూ! దాన్ని అద్దంలా చేయించింది నేను," అంది సన్యాసమ్మ. "నున్నగా ఉంటే పూతకేం రోగం?"

జుబియా ఊడిన పూత ముక్కని ఆవిడకి చూపించింది. "అమ్మమ్మగారూ, మీ ఊళ్ళో పిడకలు ఎక్కడ కొట్టేవారండీ?"

"గోడకి."

"టైల్స్ గోడకా?"

"టైల్స్‌కి ఎక్కడ పట్టి చస్తాయే, జారిపోవూ! గరుకు గోడకి..." ఆవిడ ఆగిపోయింది.

"పింగాణీ కూడా అంతేనండీ. కరిగిన చుక్కలు పిడకల్లాగే చదునై, ఒకదాని మీదొకటి పేరుకుంటాయి. కింద గరుకుంటేనే వాటికి పట్టు."

దుర్గాప్రసాద్ నవ్వాపుకుని కుర్చీ లాక్కున్నాడు. "మళ్ళీ వెయ్యమ్మా. చూసే వెళ్తా."

ఈసారి గరుకు చేసి వేసిన పూత స్క్రూడ్రైవరుతో గీకినా రవ్వంత ఊడలేదు. జుబియా ఉద్యోగం ఖాయమైంది.

ప్రమాదంలో పడింది సంజీవరావు. కొత్త చదువు వంటబట్టిన సన్యాసమ్మ సాయంత్రానికల్లా, డెలివరీకి సిద్ధంగా ఉన్న పాలిష్ షాఫ్టులన్నిటినీ అఫ్రాజ్ చేత గరుకు చేయించింది. ఇంట్లోని స్టీలు కంచాలనూ వదల్లేదు. షెడ్డులో ఇక నున్నగా మిగిలింది సంజీవరావు బట్టతల ఒక్కటే. ఆవిడ దానివైపే చూస్తోంది.