తనంతట తాను నడిచే పంపు

ఆ సోమవారం పది గంటలకు పంపు తనంతట తాను నడవాలి, పదకొండుకల్లా త్రినాథరావు ఉద్యోగం పర్మనెంటు కావాలి. అనుకున్నది అంతే. కాకినాడ నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చి రెండేళ్లయినా ఆయన ఇంకా ప్రొబేషన్‌లోనే నానుతున్నాడు. పంపు నడవకపోతే ఇంటికి పంపేస్తామని జనరల్ మేనేజర్ ముందే చెప్పాడు.

మేడమీది టాంకులో నీళ్లు తగ్గగానే వేలెడంత లాజిక్ చిప్పుకి తెలుస్తుంది. తెలిసి ఏం లాభం? దాని కరెంటు చిన్న బల్బుకే చాలదు, పది హార్స్‌పవర్ల పంపును ఎక్కడ తిప్పుతుంది? అందుకని చిప్పు ట్రాన్సిస్టర్‌కి చెబుతుంది, ట్రాన్సిస్టర్ రిలేకి, రిలే కాంటాక్టర్‌కి చెబుతాయి. చివరికి కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు పంపును తిప్పుతుంది. ఆఫీసులో గుమాస్తా రాసిన నోటు పైదాకా వెళ్లే దారీ ఇదే కనుక, ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

పూజ లేకుండా కొత్త మిషన్‌ను ముట్టనని ఎలక్ట్రీషియన్ లింగం భీష్మించాడు. సరే, ఒక్క బొట్టుతో సరిపెట్టమన్నాడు త్రినాథరావు. ఆ పని ఊడ్చే రాజవ్వకు అప్పగించారు. ఒకదానికి పెట్టి ఇంకోదానికి మానేయడం ఆమెకు ధర్మం అనిపించలేదు. జనరల్ మేనేజర్ చూస్తాడని రిలే మూత తీసి ఉంచారేమో, లోపల ఒకదానికొకటి తాకితేనే కరెంటు పారే రెండు వెండి మొనలకూ తడి పసుపు మెత్తి, కుంకుమ అద్దింది.

పదింటికి జనరల్ మేనేజర్ బటన్ నొక్కాడు. రిలే టిక్కుమంది. పంపు కదల్లేదు.

త్రినాథరావు ట్రాన్సిస్టర్ మార్చాడు. మళ్లీ టిక్కు. వైరింగులో తప్పు నీదేనని లింగం మీద ఎగిరాడు. లింగం తీగలన్నీ తడిమి, రిలేలోకి తొంగిచూశాడు.

"రిలే మంచిగనే ఉన్నది సార్. నడుమ పసుపు అడ్డమున్నది. జెర ఆగుండ్రి, తుడుస్త."

జనరల్ మేనేజర్ గడియారం చూసుకున్నాడు. ఆగే ఓపిక లేక త్రినాథరావు ఆ మొనలను కలిపే రిలే రేకును పెన్సిలుతో బలంగా నొక్కాడు. పసుపు చెదిరింది, పంపు గర్జించింది, చప్పట్లు మోగాయి. మెడలో దండ పడ్డ సంబరంలో రేకు వంగి మొనలు అతుక్కుపోయిన సంగతి ఆయన గమనించలేదు.

టాంకు నిండింది. చాలని చిప్పు చెప్పింది, ట్రాన్సిస్టర్ విన్నది, వంగిన రేకు మాత్రం వినలేదు. నీళ్లు మేడ అంచు దాటి, కింద అతిథుల కోసం వేసిన షామియానా మీద పడుతుంటే, అదీ ప్రదర్శనలో భాగమేననుకుని జనరల్ మేనేజర్ ఇంకాసేపు చప్పట్లు కొట్టాడు. షామియానా చిరిగి నెత్తిన పడ్డాక మానేశాడు. లింగం పరుగెత్తి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు.

"ఇది దానంతట అది ఆగదా?" అన్నాడు జనరల్ మేనేజర్, తల తుడుచుకుంటూ.

"ఆగాలండి. పక్కన మనిషి ఉంటే తప్పకుండా ఆగుతుందండి," అన్నాడు త్రినాథరావు.

భార్య హైమావతితో ఆ సాయంత్రమే సామాన్లు సర్దించాడు త్రినాథరావు. వారానికి ఆర్డరు వచ్చింది. ఆటోమేటిక్ పంపును చేత్తో వేయడానికీ ఆపడానికీ లింగం, బొట్టు సరిగ్గా పెట్టడానికి రాజవ్వ, ఈ ఇద్దరినీ కనిపెట్టుకుని ఉండటానికి ఒక ఇంజనీరు, పర్మనెంటుగా. పంపు తనంతట తాను నడిచే రోజున ఈ మూడు పోస్టులూ రద్దవుతాయని కింద చిన్న అక్షరాల్లో రాశారు.

ఆ రోజు రాకుండా త్రినాథరావు చాలా శ్రద్ధగా పనిచేస్తున్నాడు.