ఫొటోకు పనికొచ్చే పిల్లలు

ఆ పొద్దున మా ఇంట్లో రిబ్బను మీద గొడవ. మా అమ్మాయి రశ్మి జడలకు ఎర్ర రిబ్బనే కట్టాలని మా అత్తగారు గౌరమ్మ పట్టు. కాదు, నీలం అని మా ఆయన అమర్నాథ్ పట్టు. కోలారు బంగారు గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల అంగడి నడుపుతున్నారు కాబట్టి రంగుల విషయంలో తీర్పు తనదేనని ఆయన నమ్మకం.

"పొద్దున్నే బయల్దేరే పిల్లకి నీలమేందిరా? ఎరుపు కట్టు, లక్షణంగా ఉంటాది."

"అమ్మా, పోయేది పెండ్లికి కాదు, ఇన్‌స్పెక్షన్‌కి! ఫొటోలో నీలం ఎత్తి కనిపిస్తాది."

చివరికి ఒక జడకు ఎరుపు, ఇంకో జడకు నీలం. ఎనిమిదేళ్ళ పిల్లను స్కూలు మాన్పించి మరీ ఇంత ముస్తాబు ఎందుకంటారా? ప్రభుత్వానికి అరువివ్వడానికి!

నవ్వకండి. దెబ్బతిన్న పిల్లలను ఆదుకునే కేంద్రాలకు మన సర్కారు డబ్బిచ్చే పద్ధతిని మించిన తెలివి ఈ లోకంలో లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను.

మా పేటలో 'పసినవ్వు' అని ఒక కేంద్రం ఉంది. నోటితో చెప్పుకోలేని హింస పాలైన పిల్లలు స్టేషన్‌లో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, వకీలు ముందు ఇంకోసారి అదే చెప్పి ఏడవకుండా, ఒక్క చోట, ఒక్క మనిషికి నిదానంగా చెప్పుకోవడానికి పెట్టిన చోటది. ఎంత మంచి ఆలోచన! అంత మంచి ఆలోచనను పాడుచేసుకోవడం ఇష్టం లేకే కాబోలు, అందులో మనిషిని మాత్రం ఉంచలేదు.

ముందు గోడలకు డబ్బిచ్చారు. గోడల మీద జిరాఫీలు నవ్వుతున్నాయి. తర్వాత ఏసీకి ఇచ్చారు. తర్వాత బోర్డుకు ఇచ్చారు, ఆ బోర్డును ప్రారంభించడానికి షామియానాకు కూడా ఇచ్చారు. ఆట బొమ్మలు వచ్చాయి, కవరు విప్పలేదు. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయి కదా!

మిగిలింది, మాట వినే మనిషి జీతం. అది రాలేదు. ఎందుకు రావాలి? గోడకు ఒకసారి సున్నం కొడితే నోరు మూసుకుని నిలబడుతుంది. మనిషికి పూటపూటా ఆకలేస్తుంది. ఏది ఆదానో ఇల్లు నడిపే ఏ ఆడదాన్నయినా అడగండి!

ఆ మాట వినే మనిషి పేరు రక్షిత. మా అంగడికి వస్తూ పోతూ నాకు పరిచయం. చదువుకున్న పిల్ల, ఓపికమంతురాలు. ఆ ఓపికనే జీతం అనుకొమ్మని సర్కారు వారు వదిలేస్తే, కొన్ని నెలలు అలాగే అనుకుంది. పోయిన నెల కోలారు పక్కన నరసాపురంలో ఒక ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ బండి భాగాలు లెక్క చూసినందుకు నెలనెలా డబ్బిస్తారట. ఎంత పాతకాలపు పద్ధతి!

అన్యాయం చేశారని అనకండి. "కేంద్రం నడుస్తున్నట్టు ఫొటోలు పంపండి, జీతం గ్రాంటు వదులుతాం" అని పైఆఫీసు చెప్పనే చెప్పింది. ఇన్‌ఛార్జి నంజుండప్ప పంపనే పంపాడు. ఇలాంటి పిల్లల మొహాలు చూపించడం చట్టప్రకారం తప్పు కాబట్టి వీపులు తీసి పంపాడు. ఫైలు వెనక్కి వచ్చింది. 'పిల్లలు సంతోషంగా ఉన్నట్టు కనబడుట లేదు' అని రాసి ఉంది. సబబే కదా? వీపును చూసి సంతోషం ఎవరు కనిపెట్టగలరు?

నంజుండప్ప చాలా ఆలోచించాడు. మొహం చూపించగల పిల్లలు కావాలి. అంటే, ఏమీ జరగని పిల్లలు కావాలి. అలాంటివాళ్ళు బజారు నిండా ఉన్నారు! అంగడి అంగడికీ తిరిగి అడిగాడు. అలా మా రశ్మి, ఇంకో ఆరుగురు, ఒక పూటకు బాధిత బాలలయ్యారు.

నేనూ వెంట వెళ్ళాను. ఆ రోజు బొమ్మల కవర్లు విప్పారు. ఏసీ వేశారు. ఇన్‌స్పెక్షన్‌కి బెంగళూరు నుంచి వచ్చిన మేడమ్ గారు మా రశ్మి బుగ్గ పట్టుకుని, ఈ కేంద్రంలో నీకు ఏది బాగా నచ్చిందమ్మా అని అడిగారు.

"చల్లగా ఉండాది!" అంది మా పిల్ల. మేడమ్ గారు అది రాసుకున్నారు.

అప్పుడే గేటు దగ్గరికి ఒక అవ్వ, పన్నెండేళ్ళ మనవరాలు వచ్చారు. వాళ్ళ పేరూ ఊరూ చెప్పను, చెప్పకూడదు. బుధవారం కోలారు కోర్టులో ఆ పిల్ల నోరు విప్పాలి. విప్పకపోతే, బెయిలు మీద వచ్చి వాళ్ళ వీధిలోనే మీసం దువ్వుతున్నవాడు ఇంక దర్జాగా తిరుగుతాడు. ఆ పిల్ల ఇంతవరకు మాట్లాడింది రక్షితతో ఒక్కదానితోనే. ఆమె మానేసిన సంగతి పాపం వాళ్ళకు తెలియదు.

నంజుండప్ప గాబరాగా పరుగెత్తాడు. "ఈ పొద్దు పిల్లోళ్ళ ప్రోగ్రాం ఉండాది అవ్వా. ఇంగ రేపు రా, పో."

"ఈ బిడ్డ పిల్ల కాదా అప్పా?"

"అట్ల కాదు అవ్వా... ఫొటో తీస్తావుండారు. మీరు కనిపిస్తే నాకు కష్టం."

చూశారా, ఎంత క్రమశిక్షణ! పిల్లల కేంద్రంలో కార్యక్రమం సాఫీగా జరగాలంటే, కావలసిన పిల్ల గేటు బయట ఉండాలి.

నేను బయటికి వెళ్ళి వాళ్ళ పక్కన అరుగు మీద కూర్చున్నాను. పిల్ల తలెత్తలేదు. నేల చూస్తూనే అడిగింది.

"రక్షితక్క ఇంగ రాదా?"

లోపల చప్పట్లు కొడుతున్నారు. అక్కడే కూర్చుని రక్షితకు ఫోన్ కలిపాను. విషయం విని, "బుధవారం లీవు పెడతాను అక్కా, జీతం కోసుకుంటే కోసుకోనీ" అంది. అవ్వ నా చెయ్యి వదల్లేదు. "వాని పక్కోళ్ళు గుంపుగా వచ్చి కోర్టు వసారాలో కూర్చుంటారు తల్లీ. ఈ బిడ్డ వాళ్ళని చూసిందంటే నోరు పడిపోతాది. మా పక్క నేనొక్కదాన్నే."

ఇంటికి వస్తుంటే రశ్మి అడిగింది: "అమ్మా, గేటు కాడ ఉన్న ఆ అక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టినారా?"

దాని రెండు జడల రిబ్బన్లూ నడిరోడ్డు మీదే విప్పేశాను. ఫొటోలు మాత్రం అద్భుతంగా వచ్చాయట. గ్రాంటు కూడా వస్తుందట, రెండో గదికి రంగులు వేయడానికి!

ఆదివారం మధ్యాహ్నం అందరం సంగటి ముద్దల ముందు కూర్చున్నాం. మా ఆయన మొదలుపెట్టారు.

"నంజుండప్ప ఫోన్ చేసినాడు. బుధవారం ఇంగొక ప్రోగ్రాం ఉండాదంట. రశ్మిని పంపమని..."

"రశ్మి స్కూలుకి పోతాది," అన్నాను. "నేను కోలారు కోర్టుకి పోతాను. ఆ పిల్లకి తోడు."

మా మామగారు సుబ్బరాయప్ప పులుసు పోసుకోవడం ఆపి నా వంక చూశారు. అత్తగారు ముద్ద పక్కకు నెట్టి అందుకున్నారు.

"కోర్టుకా! అంగడోళ్ళ కోడలు, ఆ గుంపులో యాడ కూర్చుంటావమ్మా నువ్వు?"

"ఆ పిల్లకీ వాళ్ళకీ మధ్యన, అత్తమ్మా."