ఆటో ఎక్కిన కొల్లేరు

ఆటో మోడ్ కనిపెట్టిన మహానుభావుడికి ఏలూరు నడిబొడ్డున విగ్రహం పెట్టాలి! నవ్వకండి. కెమెరా కొన్నవాడికి కళ్లతో పనిలేకుండా చేసిన ఉపకారి ఇంకెవరైనా ఉన్నారా?

తాడేపల్లిగూడెంలో లెక్కలు చెప్పే నెహెమ్యా మాస్టారికి మాత్రం ఈ కృతజ్ఞత లేదు. ఆయన భార్య మెర్సీది కొల్లేటి లంక. కొత్తింటి హాల్లో గోడకి ఒకే ఒక్క ఫొటో కావాలందావిడ. చిన్నప్పుడు తమ గుమ్మంలోంచి చూసిన కొల్లేరు, వానకు ముందు మబ్బు కమ్మిన సాయంత్రం. పెళ్లయ్యాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పాపం, మాస్టారు కెమెరా కొనేశారు.

ఆటో మోడ్ ఎంత దయగలదో చూడండి! మబ్బు చూపిస్తే ఎండ కాయించింది. భీమడోలు షేర్ ఆటో నిండేదాకా జనాన్ని ఎక్కించినట్టు, ఫొటో నిండేదాకా వెలుతురు ఎక్కించింది. పొద్దు వాలితే అంత సరస్సు మీదికీ టార్చిలైటంత ఫ్లాష్ కొట్టింది. గట్టు మీద గేదె కనబడితే దాని ముఖం చుట్టూ చదరం గీసి, నవ్వుతుందేమోనని కాచుకుంది. మనుషులకే దొరకని మర్యాద ఇది!

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మాస్టారు కొల్లేరు వెళ్లడం, ఫొటో తేవడం, మెర్సీ చూసి మెత్తగా "బాగుందండీ. ఏ ఊరండీ ఇది?" అనడం. ఆ మాటకి ఆయన ప్రాణం ఉసూరుమనేది.

చివరికి పంతం పట్టి, డయల్ని M దగ్గరికి తిప్పారు. M అంటే మాన్యువల్, అన్నీ మనమే చూసుకోవాలి. మాస్టారు మాత్రం M అంటే మెర్సీ అనుకున్నారు. ఇక కష్టాలు చూడాలి! షట్టర్ ఎంతసేపు తెరవాలో తనే చెప్పాలట, వెలుతురు ఎంత రావాలో తనే చెప్పాలట. ఇన్నీ మనమే చెప్పేటప్పుడు కెమెరా ఎందుకండీ? మొదటి ఫొటో బొగ్గు. రెండోది సున్నం. గాలికి కదలకుండా స్టాండుకి ఇటుకల సంచి వేలాడదీశారు. చీకటైపోతోందని కెమెరా తెర మీద మొత్తుకుంటున్నా వినకుండా వెలుతురు తగ్గించేశారు.

ఆ ఫొటో చూసి మెర్సీ లేచి నిలబడింది.

"ఏవండీ, ఇదేనండీ! దండెం మీద బట్టలు తీసెయ్యాలనిపిస్తోందండీ!" అని నవ్వింది, కళ్లు తుడుచుకుంది. మాస్టారి కాళ్లు నేల మీద నిలవలేదు.

అదే ఊపులో ఏలూరు స్టూడియోకి పరిగెత్తారు, పెద్దది చేయించి ఫ్రేము కట్టించడానికి. వారం పోయాక యజమాని హేమంత్‌కుమార్ ఎంతో ఆప్యాయంగా చేతిలో పెట్టాడు.

"కొంచెం డల్‌గా ఉందండి మాస్టారూ. మా మిషను ఆటోలో కరెక్ట్ చేసేసిందండి. మబ్బులు మొత్తం తీసేసిందండి. పాపం మీరు అంత దూరం వెళ్లి తీశారు కదండీ!"

ఇప్పుడు హాల్లో కొల్లేరు నీలాకాశం కింద ధగధగలాడుతోంది. వచ్చినవాళ్లంతా తెగ మెచ్చుకుంటున్నారు. "పోనీలెండి, బట్టలు ఆరేసుకోవచ్చు" అంది మెర్సీ. వాన చూడాలనిపించినప్పుడు మాత్రం బీరువాలోంచి కెమెరా తీసి, వెనకనున్న ఆ బుల్లి తెరలో చూసుకుంటుంది. మాస్టారు పక్కనుంచి తల దూరుస్తారు.

కాబట్టి విగ్రహం మాట ఖాయం. మబ్బు పట్టిన రోజే ఆవిష్కరిద్దాం. ఫొటోలో ఎలాగూ ఎండే కాస్తుంది!