మానేరులో తేలిన కలకు ఎన్‌ఓసీ

పుస్తకం ముందు కూర్చుని జన్మలో ఒక్క పగటికల కూడా కనని మనిషి కోసం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గాలిస్తే నేనొక్కణ్ణే దొరుకుతాను. అందుకే పరీక్షల కాలంలో విద్యార్థుల సరదా ఊహలను అదుపు చేయడానికి పగటికలల నియంత్రణ శాఖ వెలసినప్పుడు మొదట చప్పట్లు కొట్టింది నేనే. (ఆ చేతులతోనే దరఖాస్తు పట్టుకోవాలని అప్పుడు తెలియదు.)

నా మనుమరాలు శ్రావణి కోరుట్లలో డిగ్రీ చదువుతోంది. తెల్లవారితే స్టాటిస్టిక్స్ పరీక్ష. హాల్‌టికెట్ కోసం ఫోన్ నొక్కితే శాఖవారి యాప్ ఇలా సెలవిచ్చింది: 'మీ పేరున ఒక కల తెరిచి ఉన్నది. మూసిన పిదప ప్రయత్నించగలరు.'

జగిత్యాల ఆఫీసుకు ఉరికాం. కలల తనిఖీ అధికారి సంపత్ కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఏం కల బిడ్డా?"

"పరీక్ష ఒడిసినంక మిడ్ మానేరుల బోటెక్కుడు సార్. గంతే."

"గంతే అంటవేంది? కల పుట్టింది కోరుట్లల, తేలింది సిరిసిల్ల నీళ్లల్ల. జిల్లా దాటింది. గక్కడి ఎన్‌ఓసీ కావాలె."

"రేపే పరీక్ష సార్. గా బోటును గిక్కడనే ముంచేయుండ్రి."

"ముంచుటానికి వేరే సెక్షనున్నది. బోటుల ఎవలెవలున్నరు?"

"నేను, మా తాత. తాతనే నడుపుతున్నడు."

"లైసెన్సున్నదా బాపూ?"

"నేనెక్కడ నడుపుతున్న సారూ? వెనక కూసోని సర్వపిండి తింటున్న."

(అన్నాక గానీ నేనూ బోటెక్కేశానని తెలియలేదు. పాఠకులు నా మొదటి వాక్యాన్ని కొట్టివేయగలరు.)

సంపత్ కలం ఆగింది. "పిండిల నువ్వులు ఏసిండ్రా?"

"ఏసినం. పల్లీలు గూడ."

ఆయన కళ్లు మూశాడు. పనివేళల్లో అధికారి కల కనరాదని నిబంధనల్లో ఎక్కడా లేదు. (నిబంధనలు రాసినవారు అంత నిర్దయులు కారు.)

"జర జరుగు బాపూ. కాళ్లు నీళ్లల్ల వెడ్త."

జరిగాను. అటెండరు ఎక్కాడు. లైన్లో నిలబడ్డ విద్యార్థులు ఎక్కారు. ఎవరో పాటలు పెట్టారు. ఆఫీసంతా కళ్లు మూసుకుని మెల్లగా ఊగుతోంది. కళ్లు తెరిచి ఉన్నది శ్రావణి ఒక్కతే.

"సార్, బోటు నిండా మీరే ఉన్నరు. నాకు జాగనే లేదు. ఇగ గిది నా కలెట్లయితది?"

వాదన చట్టబద్ధంగా ఉంది. సంపత్ కళ్లు తెరవకుండానే సంతకం చేశాడు: 'దరఖాస్తుదారు కలను శాఖ స్వాధీనపరచుకోవడమైనది.' హాల్‌టికెట్ వచ్చింది. శ్రావణి మర్నాడు పరీక్ష రాసింది, సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మానేరులో బోటెక్కింది.

ఇందులో కల్పన ఎంత అని మీరు అడుగుతారు. శాఖ, సంతకం, సర్వపిండి అక్షరాలా నిజం. పరీక్ష చెప్పిన తారీఖునే జరిగిందన్న ముక్క ఒక్కటే నేను కల్పించాను.